‘ఫైన్’ పుట్టిల్లు, మెట్టినిల్లు

“ఎలా ఉన్నావురా?” అంటే “ఫైన్” అనేవాణ్ణి చూస్తే మన భాషాభిమానులకు ఒళ్ళు మండుతుంది, ఇంగ్లీషు మాటని. తమాషా ఏమిటంటే అది ఇంగ్లీషు వాళ్ళ సొంతమూ కాదు. లాటిన్‌లో ‘ఫీనిస్’ అంటే అంతు, హద్దు. పాత ఫ్రెంచిలో అది ‘ఫిన్’ అయి, ఇంతకు మించి లేదన్నంత మేలైనది అనే అర్థానికొచ్చింది. మధ్యయుగాల్లో ఇంగ్లీషు, జర్మన్, డచ్చి, స్వీడిష్ భాషలన్నీ దాన్ని అరువు తెచ్చుకున్నాయి.

అరువని ఎలా తెలిసింది? లాటిన్ మాట ‘ఫ’తో మొదలైతే దాని రక్తబంధువు జర్మానిక్ భాషల్లో మామూలుగా ‘బ’తో మొదలవుతుంది. లాటిన్ ఫ్రాతెర్, ఇంగ్లీషు బ్రదర్, జర్మన్ బ్రూడర్. మన ఫైన్ మాత్రం అన్నిచోట్లా ‘ఫ’తోనే దిగింది.

అసలు విశేషం ఆ తర్వాతిది. మంచుగడ్డను ఇంగ్లీషులో ఐస్, జర్మన్‌లోనూ ఐస్, డచ్చిలో ఎయిస్, స్వీడిష్‌లో ఈస్ అంటారు. ఇది వాళ్ళ తాతలనాటి మాట. ఒకప్పుడు అందరిదీ ‘ఈ’కారమే, ముగ్గురి నోట మారింది, స్వీడన్‌లో నిలిచింది. ఇప్పుడు అరువు మాట చూడండి: ఫైన్, ఫైన్, ఫెయిన్, ఫీన్. ఇంటి బిడ్డకు ఏం జరిగిందో కోడలికీ అదే జరిగింది! అర్థాలు కూడా ఎవరింట్లో వారివి. జర్మన్‌కు ముఖ్యంగా సన్నన, నాజూకు, డచ్చివాడికి హాయి, స్వీడన్‌లో అందం. కంప్యూటరుకు సైతం ‘అంకె’, ‘సోదెకత్తె’ అనే పాత మాటలు కలిపి సొంత పేరు పెట్టుకున్న ఐస్‌లాండు వాళ్ళు కూడా ఈ కోడల్ని వెళ్ళగొట్టలేదు.

మనకూ ‘ఖాళీ’, ‘తాజా’ ఇలా వచ్చినవే. ‘గా’ తగిలించుకుని ఖాళీగా, తాజాగా తిరుగుతుంటే ఏ ఊరని అడుగుతున్నామా? అంచేత మాటల పుట్టుక విచారించడం దండగని నా అభిప్రాయం.

నా గొడవ వేరు. ఫైన్ వచ్చాక జర్మన్‌లో ‘గూట్’, ‘షోన్’ పోలేదు. మన హాస్టళ్ళలో మాత్రం ఆరోగ్యానికీ, సినిమాకీ, సాంబారుకీ ఒకటే ఫైన్. “మేమంతా కులాసా” అని ఉత్తరాల్లో రాసుకున్న మాట ఏమైపోయింది? అదీ ఉర్దూ నుంచి వచ్చిందే సుమా, అయినా ఎంత మనదైపోయింది!

అన్నట్టు, లైబ్రరీలో కట్టే ఫైనూ ఆ ‘ఫీనిస్’ సంతతే. వ్యవహారం అంతు తేల్చడానికి ఇచ్చే సొమ్మన్నమాట. తెలుగులో అనాలని పట్టుబట్టి ‘జరిమానా’ అంటారేమో, అది పారసీకం.