అతనికి బలం... ఆమెకు గుణం!

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెళ్లి జరుగుతుంటే ‘గుణవతి’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. శుభలేఖ మీదో, పాస్టరుగారి ప్రసంగంలోనో ఎక్కడో ఒకచోట ఉంటుంది. బైబిలు పాత నిబంధనలోని సామెతల గ్రంథం 31వ అధ్యాయం నుంచి వచ్చిన మాట అది. వినగానే నెమ్మదిగా, అణకువగా ఉండే ఇల్లాలు కళ్లముందు మెదులుతుంది. అయితే ఆ గ్రంథాన్ని రాసింది హెబ్రీ భాషలో. అక్కడున్న మాట ‘ఏషెత్ హయిల్’. ఏషెత్ అంటే స్త్రీ, భార్య. మరి హయిల్ అంటే..? బలం! చాలాచోట్ల సైన్యం కూడా!

యుద్ధంలో పుట్టిన మాట పెళ్లిపందిట్లోకి వచ్చేసరికి ఇంత మెత్తగా ఎలా మారిపోయింది? అదో పెద్ద కథ.

అంగబలం... అర్థబలం

హెబ్రీ బైబిల్లో ‘హయిల్’ 240 సార్లకు పైగా కనిపిస్తుంది. మొదటి అక్షరం అటు ‘హ’కూ ఇటు ‘ఖ’కూ మధ్య గొంతులోంచి పలుకుతుంది. ఇశ్రాయేలీయుల్ని ఎర్రసముద్రం దాకా తరుముకొచ్చిన ఫరో సైన్యం హయిల్. కష్టపడి కూడబెట్టిన ఆస్తీ హయిల్. ప్రజల తగవులు తీర్చలేక మోషే అలసిపోతుంటే, ‘పని పంచుకోవడానికి మనుషుల్ని ఎంచుకో’ అని మామ యిత్రో సలహా ఇస్తాడు. ఆ మనుషులకు ఉండాలన్న సమర్థత కూడా హయిలే.

సైన్యానికీ, సొమ్ముకూ, సత్తాకూ ఒకే మాటా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. తెలుగులో మాత్రం ‘బలం’ చేసే పని ఏమిటి? రాజుల కథల్లో చతురంగ బలాలుంటాయి. వార్తల్లో భద్రతా బలగాలుంటాయి. ఎన్నికలొస్తే ‘అభ్యర్థికి అంగబలం, అర్థబలం ఉన్నాయా’ అని లెక్కలేస్తారు. పదిమంది అండ ఉన్నా బలమే, పదెకరాల మాగాణి ఉన్నా బలమే. హయిల్ కూడా అచ్చంగా అంతే.

హెబ్రీలో బలానికి వేరే మాటలూ ఉన్నాయి. సమ్సోను కండల్లోని శక్తిని చెప్పేటప్పుడు వాడింది ‘కోఅహ్’. అది ఎక్కువగా ఒంట్లో ఉండే సత్తువ. హయిల్ అలా కాదు. అవసరం వచ్చినప్పుడు మనిషి రంగంలోకి దించగలిగిందంతా అందులోకి వస్తుంది... మనుషులు, డబ్బు, ధైర్యం, నేర్పు అన్నీ!

ఈ మాటకు చుట్టాలూ ఎక్కువే. సిడ్నీ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగు గెలిచిన ఇథియోపియా వీరుడు హైలీ గెబ్రెసెలాసీ గుర్తున్నాడా? 1930 నుంచి 1974 దాకా ఆ దేశాన్నేలిన చక్రవర్తి హైలీ సెలాసీ పేరు కూడా అలాంటిదే. ‘త్రిత్వపు శక్తి’ అని దాని అర్థం. అందులోని ‘హైలీ’కీ హెబ్రీ ‘హయిల్’కీ మూలం ఒక్కటే. సిరియాక్ భాషలోనూ ‘హైలా’ అంటే శక్తే.

ఒకే మాట... రెండు తూకాలు

అసలు కిటుకంతా అనువాదంలో ఉంది. గిద్యోను, యెఫ్తా యుద్ధవీరులు. హెబ్రీలో వాళ్లను ‘గిబ్బోర్ హయిల్’ అన్నారు. తెలుగు బైబిలు పాత అనువాదంలో అది ‘పరాక్రమముగల బలాఢ్యుడు’ అయింది. బేత్లెహేములో పొలాలున్న బోయజునూ రూతు గ్రంథం అదే మాటతో పరిచయం చేస్తుంది. కానీ తెలుగులో అతను ‘ఆస్తిపరుడు’. సందర్భాన్ని బట్టి చూస్తే సరైన మాటే.

అదే కథలో రూతు ఉంది. మోయాబు దేశస్తురాలు. భర్త పోయాడు. ముసలి అత్తను వదల్లేక ఊరుకాని ఊరొచ్చింది. పూట గడవడానికి బోయజు పొలంలో కోతగాళ్ల వెనకాల రాలిన యవల కంకులు ఏరుకుంది. తొలిరోజే పొద్దుగూకేదాకా ఏరి, దుల్లగొట్టి, ఒక ఏఫా గింజలు ఇంటికి మోసుకెళ్లింది. ఏఫా అంటే దాదాపు ఇరవై లీటర్ల కొలత! ఆమె చేతిలో సైన్యం లేదు, ఆస్తి లేదు. అయినా ఓ రాత్రి కళ్లంలో బోయజు ఆమెతో ‘నువ్వు ఏషెత్ హయిల్‌వని ఊరందరికీ తెలుసు’ అంటాడు.

గమనించారా..! ఊళ్లో పెద్దరైతుకు ఏ మాట వాడారో, కంకులు ఏరుకునే పరాయి దేశపు వితంతువుకూ అదే మాట. ఇద్దరూ ఒకే తూకం అని హెబ్రీ కథకుడు గుట్టుగా చెబుతున్నాడు. తెలుగులో ఆయన ‘ఆస్తిపరుడు’, ఆమె ‘యోగ్యురాలు’. రెండూ మంచి మాటలే. కానీ వాటిని కలిపే దారం మాత్రం తెగిపోయింది.

‘ఏషెత్ హయిల్’ అన్న జంటపదం బైబిల్లో మూడే మూడుసార్లు వస్తుంది. రెండుసార్లు సామెతల్లో, ఒకసారి ఇక్కడ. అంటే పేరున్న ఒక స్త్రీకి ఆ బిరుదు దక్కింది ఒక్క రూతుకే. 1008 ప్రాంతంలో రాసిన ప్రసిద్ధ లెనిన్‌గ్రాడ్ హెబ్రీ ప్రతిలో సామెతల గ్రంథం అయిపోగానే రూతు కథ మొదలవుతుంది. ఏషెత్ హయిల్ గురించిన పద్యం చదివి పేజీ తిప్పితే, ఎదురుగా ఆ బిరుదు పొందిన మనిషే కనిపిస్తుందన్నమాట!

సామెతలు 31వ అధ్యాయంలో మరీ విచిత్రం. లెమూయేలు రాజుకు తల్లి చెప్పిన బుద్ధులతో అది మొదలవుతుంది. ‘నీ హయిల్‌ను ఆడవాళ్ల పాలు చేయకు’ అని ఆమె హెచ్చరిస్తుంది. అక్కడ తెలుగులో ‘బలము’ అనే ఉంది. ఏడు వచనాలు దాటాక అదే హయిల్ స్త్రీ పక్కన చేరుతుంది. అక్కడ మాత్రం ‘గుణవతి’ అయిపోయింది. ఒకే అధ్యాయం, ఒకే మాట... అతనికి బలం, ఆమెకు గుణం!

వేట, కొల్లగొట్టిన సొమ్ము

పోనీ, పద్యంలోని ఆమె నిజంగానే అణకువకు మారుపేరా అంటే, అదీ కాదు. హెబ్రీ వర్ణమాలలోని 22 అక్షరాలతో వరసగా మొదలయ్యే 22 వచనాల పద్యమది. అందులో ఆమె పొలాన్ని చూసి, బేరమాడి కొంటుంది. సొంత సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది. నార బట్టలు నేసి వర్తకులకు అమ్ముతుంది. నడుముకు బలాన్ని బిగించి కట్టుకుంటుంది. పేదలకు చెయ్యి చాస్తుంది.

పైగా యుద్ధం వాసన వేసే మాటలు అక్కడక్కడా తగులుతాయి. ఆమె వల్ల భర్తకు లోటుండదని చెప్పేచోట లాభానికి వాడిన మాట ‘షాలాల్’. అంటే యుద్ధంలో కొల్లగొట్టిన సొమ్ము! తెల్లారకముందే లేచి ఇంటివాళ్లకు సిద్ధంచేసే తిండికి వాడింది ‘తెరెఫ్’. సింహం వేటాడి తెచ్చే ఆహారానికీ అదే మాట. యుద్ధవీరుణ్ని పొగిడే పదాలతోనే కవి ఇల్లు నడిపే స్త్రీని పొగిడాడు.

పాత అనువాదకులకు ఇది తెలియకపోలేదు. క్రీస్తుకు ముందే తయారైన గ్రీకు అనువాదంలో ఆమె ‘ఆంద్రెయా’... అంటే మగటిమి గలది. నాలుగో శతాబ్దం చివర్లో లాటిన్‌లోకి మార్చిన జెరోము ‘ఫోర్తిస్’ అన్నాడు... బలమైనది అని. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిషు బైబిల్లో ‘వర్చ్యువస్’ వచ్చింది. లాటిన్‌లో పురుషుడని అర్థమున్న ‘వీర్’ నుంచి పుట్టిన మాటే అది. అప్పటికి ‘వర్చ్యూ’లో శక్తి అన్న అర్థం ఇంకా మిగిలే ఉంది. యేసు వస్త్రాన్ని తాకి ఒక స్త్రీ స్వస్థపడినప్పుడు ఆయనలోంచి వెళ్లిన ప్రభావాన్ని అదే బైబిలు ‘వర్చ్యూ’ అంది. రానురానూ ఆ మాటలో శక్తి ఇంకిపోయి శీలం ఒక్కటే మిగిలింది. ఇటీవలి ఇంగ్లిషు అనువాదాలు కొన్ని ‘సమర్థురాలు’ అన్న అర్థానికి మళ్లాయి. తెలుగులో మాత్రం ‘గుణవతి’ నిలబడిపోయింది.

పేరు మారితే పోయేదేంటి?

గుణవతి అంటే తప్పేముంది, గౌరవమే కదా అనిపించవచ్చు. గౌరవమే. కానీ ఒక తేడా ఉంది. గుణాన్ని మెచ్చుకుని ఊరుకోవచ్చు. బలానికి మాత్రం లెక్క చెప్పాలి. పద్యం ఆఖరి వచనం అడిగేది సరిగ్గా అదే... ఆమె చేతుల కష్టఫలాన్ని ఆమెకివ్వండి, ఆమె చేసిన పనులే ఊరి గుమ్మాల దగ్గర ఆమెను పొగడాలి అని. ఆ కాలంలో ఊరిపెద్దలు కూర్చుని తీర్పులు చెప్పే చోటు ఆ గుమ్మాలే. తెల్లవారకముందే లేచి, రాత్రి దీపం ఆరనివ్వకుండా పనిచేసే ఇల్లాలి కథ చెప్పే ప్రసంగాల్లో ఈ ఆఖరి వచనం మీద కూడా అంతే సేపు నిలబడితే బాగుంటుంది. బలం ఉంది కదా అని బరువంతా ఆమె నెత్తినే పెట్టమని ఆ కవి చెప్పలేదు మరి!

అలాగని బైబిలు హయిల్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగిందీ లేదు. చెర నుంచి తిరిగొచ్చి యెరూషలేములో ఆలయం కడుతున్న జెరుబ్బాబెలుకు జెకర్యా ప్రవక్త చెప్పిన మాట ప్రసిద్ధం. ఈ పని హయిల్ వల్లా, కోఅహ్ వల్లా కాదు, దేవుని ఆత్మ వల్లే అవుతుందని. సైన్యం, సొమ్ము ఉన్నంత మాత్రాన అన్నీ అయిపోవని ఆ మాట గుర్తుచేస్తుంది.

యూదుల ఇళ్లలో చాలాచోట్ల శుక్రవారం సాయంత్రం విశ్రాంతిదినపు భోజనానికి ముందు ‘ఏషెత్ హయిల్’ పద్యాన్ని పాడతారు. నేటి హెబ్రీలో సైనికుడు ‘హయాల్’, సైనికురాలు ‘హయెలెత్’, వాయుసేన ‘హేల్ హఅవీర్’. ఎవరైనా మంచి ఉద్యోగంలో చేరినా, చదువులో గట్టెక్కినా ‘మెహయిల్ ఎల్ హయిల్’ అని దీవిస్తారు. ‘బలం నుంచి మరింత బలానికి వెళ్లు’ అని దానర్థం. అబ్బాయికైనా అమ్మాయికైనా ఆ దీవెనలో మాట మారదు!