ఫొటో వీడియోలకి సినిమా పట్టీలు: వేయండి, కానీ ఇలా కాదు!

ఈమధ్య పుట్టినరోజు వీడియో అయినా, పెళ్లిరోజు వీడియో అయినా పైనా కిందా నల్ల పట్టీలు లేకుండా రావట్లేదు. లోపల ఉండేవి మామూలు ఫొటోలే. వాటికి కాస్త జూమ్, కాస్త పక్కకి జరపడం. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో దీన్నే కెన్ బర్న్స్ ఎఫెక్ట్ అంటారు. 1990లో ‘ద సివిల్ వార్’ డాక్యుమెంటరీ సిరీస్ తీసిన దర్శకుడి పేరే అది. ఇక పట్టీలు పెడితే సినిమా లుక్ వచ్చేస్తుందని మనోళ్ల నమ్మకం. నాకు పట్టీల మీద కోపం లేదు, వాటిని వేసే పద్ధతి మీదే.

లెక్క చూడండి. 1920×1080 వీడియోని 2.39:1 చేస్తే పైన 138, కింద 138 పిక్సెల్స్ నలుపే. మధ్యలో మిగిలేది సుమారు 804. ఫోన్‌లో తీసిన 4:3 ఫొటోని ఆ వెడల్పుకి సరిపెడితే దాని ఎత్తు 1440 అవుతుంది. అంటే 44 శాతం ఫొటో పట్టీల వెనక్కో, ఫ్రేమ్ బయటికో పోయినట్టే. మూడు వరసల ఫ్యామిలీ గ్రూప్ ఫొటో అనుకోండి. వెనక నిలబడ్డవాళ్ల తలలైనా పోతాయి, కింద కూర్చున్న పిల్లలైనా పోతారు. అందులో తాతయ్య ఎక్కడున్నాడా అని వెతుక్కునేవాళ్లకి మీ సినిమా లుక్ దేనికండీ?

అయితే ఇదే కొలతలో ఒక లాభం కూడా ఉంది. అస్సలు జూమ్ చేయకుండానే 636 పిక్సెల్స్ మేర ఫొటోని పైకీ కిందికీ నడిపించొచ్చు. 16:9లో అయితే 360 మాత్రమే. కింద కూర్చున్న పిల్లల దగ్గర మొదలెట్టి, మెల్లగా వెనక వరసలో ఉన్న అమ్మమ్మ ముఖం దాకా వెళ్లండి. నా దృష్టిలో పట్టీలకి అసలైన కారణం ఇదొక్కటే. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన పాత ఫొటోలకి ఇది ఇంకా మేలు, ఎందుకంటే జూమ్ చేస్తే అవి మసకబారిపోతాయి.

పట్టీలని మాత్రం ఫొటోకి అతికించొద్దు. ఫొటో జూమ్ అయితే పట్టీ కూడా లావైపోతుంది, చూడ్డానికి కామెడీగా ఉంటుంది. అన్నిటికంటే పైన ప్రత్యేక లేయర్‌గా మొదటి నుంచి చివరి దాకా పెట్టండి. డావిన్చి రిజాల్వ్ వాడేవాళ్లకైతే టైమ్‌లైన్ మెనూలో అవుట్‌పుట్ బ్లాంకింగ్ ఉంది, ఒక్క క్లిక్.

అసలు నష్టం ఎక్స్‌పోర్ట్ దగ్గర జరుగుతోంది. మన ఫోన్లు చాలావరకు 20:9. 2400×1080 స్క్రీన్‌లో 16:9 వీడియో పెడితే ఎడమా కుడీ 240 పిక్సెల్స్ చొప్పున ఖాళీ. దానికి మీ పట్టీలు తోడైతే నాలుగు వైపులా నలుపే! బొమ్మకి దక్కేది స్క్రీన్‌లో దాదాపు 60 శాతం. అదే వీడియోని పట్టీలు లేకుండా 1920×804 సైజులో ఎక్స్‌పోర్ట్ చేస్తే 93 శాతం నిండుతుంది. 803 కాకుండా 804 ఎందుకంటే, సరిసంఖ్య కాకపోతే చాలా యాప్‌లు ఒప్పుకోవు. కావాల్సిన చోట నలుపుని ప్లేయరే పెట్టుకుంటుంది. యూట్యూబ్ కూడా పట్టీలు కలపొద్దనే చెబుతుంది.

పెళ్లి హాల్లో టీవీ మీద వేయడానికైతే పట్టీలతోనే 1080పిలో తీసుకోండి, తేడా ఏమీ రాదు. స్టేటస్‌కి మాత్రం వద్దే వద్దు. నిలువు స్క్రీన్‌లో ఆ బొమ్మకి మిగిలేది పావు వంతు కూడా కాదు. దానికి 9:16లో వేరే వెర్షన్ చేసుకోండి, పది నిమిషాల పని.