నీలి జాడ, చామనచాయ మేను

"బిడ్డ నీలముగా మారినచో వెంటనే ఆసుపత్రికి తీసికొని రావలెను" అను హెచ్చరిక ఆరోగ్య పత్రములలో తరచుగా కానవచ్చుచుండును. మాట సత్యమే. కాని అది తెల్లని మేనిని చూచి వ్రాసిన మాటయని మేము తలంచుచున్నాము. దెగ్లూరు, ధర్మాబాదు, కిన్వట్ మొదలుకొని నాందేడు పట్టణము వరకు మన తెలుగు ఇండ్లలోని చామనచాయ బిడ్డలకు ప్రాణవాయువు చాలనప్పుడు మేను నీలముగా కనబడదు. బూడిద పూసినట్లు వెలవెలబోవును. లేదా కొంత నల్లబడినట్లు తోచును. తల్లి "నల్లగయిండు" అనును. అవ్వ దిష్టి తీయును. ఈలోగా గంటలు గడచిపోవును.

రక్తమునందలి హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయునప్పుడు ఎఱ్ఱగాను, దానిని కోల్పోయినప్పుడు ముదురు రంగుతోను ఉండును. సన్నని నాళములలో ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తమునకు సుమారు 5 గ్రాముల హీమోగ్లోబిన్ ప్రాణవాయువు లేక యున్నప్పుడే నీలిరంగు కంటికి కనబడునని డెన్మార్కు వైద్యుడు లుండ్స్‌గార్డ్ 1919 ప్రాంతమున చూపెను. ఇందులో ఒక చిక్కు కలదు. రక్తహీనత గలవారికి మొత్తము హీమోగ్లోబినే తక్కువ. అందులో 5 గ్రాములు నల్లబడునప్పటికి ప్రాణము మీదికి వచ్చియుండును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు భారతీయ శిశువులలో నూటికి 67 మందికి రక్తహీనత కలదు. కావున నీలము కనబడలేదని ధైర్యపడి కూర్చుండుట తగదు.

మరి ఎక్కడ చూడవలెను? నాలుకను చూడవలెను. పెదవి లోపలి భాగమును, చిగుళ్లను పగటి వెలుతురులో చూడవలెను. అప్పుడే పుట్టిన బిడ్డకు మొదటి ఒకటి రెండు దినములు అరచేతులు, అరికాళ్లు నీలముగా నుండుట సాధారణము. నాలుక ఎఱ్ఱగా నుండి పాలు బాగుగా త్రాగుచున్నచో భయము లేదు. నాలుకయే రంగు మారినచో అది వేరు సంగతి. ఊపిరి తీయునప్పుడు డొక్కలు లోనికి పోవుట, ముక్కుపుటములు ఎగురుట, మూలుగుట, పాలు విడుచుట, వీనిలో ఏది కనబడినను రంగు కొఱకు ఎదురుచూడక 108 వాహనమును పిలువవలెను.

వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు ఉన్నది గదా యని కొందఱనవచ్చును. కరోనా దినములలో మన యిండ్లలో అనేకులు దానిని కొనిరి. మంచి సాధనమే. అయినను అమెరికాలో 2020లో ప్రకటింపబడిన పరిశీలనలో, యంత్రము 92 మొదలు 96 వరకు చూపినప్పుడు నిజముగా 88కి తక్కువగా నున్నవారు తెల్లవారిలో నూటికి 3.6, నల్లవారిలో 11.7 అని తేలెను. యంత్రమునకు సైతము మేని చాయ అడ్డు వచ్చుచున్నది!

ఇక భాష మాట. మనము తరతరములుగా ఇచట నున్నవారము, మరాఠీ మనకు క్రొత్త కాదు. కాని నిజామాబాదు, బోధను ప్రాంతములనుండి మన యిండ్లకు వచ్చు క్రొత్త కోడండ్ర మాట యేమి? "నల్లగయిండు" అనుదానిని "కాళా పడలా" అని చెప్పినచో, వినువారి మనస్సు ఎండ మీదికి పోవచ్చును. "జీభ నిళీ పడలీ" అనవలెను. "దమ్ లాగతోయ్", "దూధ్ పీత నాహీ" అని చేర్చవలెను. ఈ మూడు మాటలు ప్రతి కోడలికిని, కూతురికిని కంఠస్థము కావలెనని మా కోరిక.

2023 సెప్టెంబరు ఆఖరున, అక్టోబరు మొదట, నాందేడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్క దినములో 24 మంది మరణించిరి. వారిలో 12 మంది పసికందులు. మందులు, సిబ్బంది చాలలేదని కొందఱు, విషమించిన తరువాత దూరమునుండి తెచ్చిరని కొందఱు అనిరి. ఆ వాదమును మేము తీర్పజాలము. అయినను బిడ్డ ఆలస్యముగా చేరకుండుట కొంతవఱకైనను మన చేతిలోని పని. అల్పసంఖ్యాక భాషలవారు 15–20 శాతమున్న చోట ముఖ్య ప్రకటనలు వారి భాషలోను వెలువడవలెనని 1956 నాటి రక్షణల పత్రము చెప్పుచున్నది. బడుల కొఱకు దానిని మనము ఎన్నో మారులు చూపితిమి. శిశువుల ఆపద గుర్తుల పత్రము కొఱకును చూపవలెను. సరిహద్దు తాలూకాలలోని ఆశా కార్యకర్తల చేతికి ఆ పత్రము తెలుగులో, నాలుక బొమ్మతో అందవలెనని సంఘము జిల్లా పరిషత్తు ఆరోగ్యాధికారికి విన్నపము పంపవలెను. అది వచ్చువఱకు, మరాఠీ బడిలో చదువు మనుమరాలినైనను అర్ధరాత్రి లేపి కోడలి వెంట పంపుట మంచిది.