కాన్పులా, కోతలా?
ఆడబిడ్డలు దవాఖానకు పోయి కంటున్నరు, సంతోషమే. మరి కత్తి పడకుండ ఇంటికొచ్చేవాళ్లెందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లేనని తేలింది. దేశంల మనమే ముందు! ప్రైవేటుల 81.5, సర్కారు దవాఖానల్ల 44.5. మన తల్లుల ఒంట్లె అంత లోపమున్నదా?

ముహూర్తం పెట్టించుకొని పోయే ఇండ్లను మేం వెనకేసుకరాం. అయినా అసలు కొరత వేరే. 2017ల కేసీఆర్ కిట్టు తెచ్చి, మగపిల్లగానికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు అని సర్కారు దవాఖానలకు రప్పించిండ్రు. నొప్పులు పడే తల్లి పక్కన రాత్రంత కూసొనే మనిషినేమో సరిపోను పెట్టలే. కోత గంటల అయిపోతది; సహజ కాన్పుకు ఓపిక గావాలె. మొదటిది కోతయితే రెండోది గూడ చాలామందికి కోతే.

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ నర్సులు ప్రతి కాన్పుల వార్డుల, రాత్రి డ్యూటీల గూడ ఉండాలె. ప్రైవేటు దవాఖానలు నెలకెన్ని కోతలు జేసినయో గోడ మీద రాయాలె.