కారుకు కొత్త రంగు

మా పాత మారుతి 800 పైకప్పు అనంతపురం ఎండకు వెలిసి, రంగు పొలుసులుగా లేస్తుంటే పూర్తిగా రంగు వేయిద్దామనుకున్నాము. ఒక షెడ్డులో 18,000 అన్నారు, ఇంకొక చోట 40,000.

ఎందుకింత తేడా అని అడిగితే రెండవ మేస్త్రీ ఓపికగా చెప్పాడు. టింకరింగ్, తుప్పు గీకడం, పుట్టీ, ప్రైమర్, ఒక్కొక్క పూతకూ వాటర్ పేపర్‌తో రుద్దడం, ఇదే అసలు పని. రంగు పిచికారీ చేయడానికి ఒక పూట చాలునట.

అన్నీ విని మేము 18,000కే మొగ్గాము. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బది. వచ్చింది ఆషాఢ మాసం, ఆ షెడ్డుకేమో గోడలే లేవు. మన గాలి సంగతి తెలిసిందే కదా! ఆరకముందే దుమ్మంతా రంగులో కూర్చుంది. ఆరు నెలలకే తలుపు అంచున బుడగలు లేచాయి. గోరుతో గీకి చూస్తే, తుప్పు మీదనే పుట్టీ పామారు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారవుతున్నాయి. అటువంటి కర్మాగారాలలో వట్టి బాడీకి రంగు వేసి సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. వైర్లు, రబ్బరు, సీట్లు ఉన్న మన బండి ఆ వేడికి తాళదు. మంచి పెయింట్ బూత్‌లోనైనా 60 డిగ్రీల చుట్టుపక్కలే. "కంపెనీ రంగులాగే వస్తుంది సార్" అంటే నమ్మకండి. మరొక మాట, రంగు మారిస్తే ఆర్.సి.లో కూడా మార్పించాలి.

మొన్న బండిని ఆ రెండవ మేస్త్రీ దగ్గరకే తీసుకువెళ్ళాము. చుట్టూ తిరిగి చూసి, మొదటివాళ్ళు వేసింది గీకడానికి ఇంకొక 5,000 అడిగాడు.