కోడ్ మారలేదు, నంబరెందుకు మార్చాలి?

సెలవుల్లో మా ప్రాజెక్టు మూడు ఊళ్లలో నడిచింది. ప్రొద్దుటూరులో నేను 1.2 బిల్డ్ చేసి ఇచ్చినా. పులివెందుల మిత్రుడు ఉబుంటు 20.04 నుంచి 22.04కి మారి, అదే సీ కోడ్‌ను మళ్లీ బిల్డ్ చేసి, అదే 1.2 పేరుతో పంపినాడు. జమ్మలమడుగు వాడిది ఇంకా 20.04. ‘జీలిబ్‌సీ 2.34 లేదు’ అని ఎర్రర్!

“నిన్న పనిచేసింది ఇదే కదప్పా!” అని వాడు. “ఒక్క లైను ముట్టలేదు మామా” అని వీడు. ఇద్దరిదీ నిజమే. 20.04లో ఉండేది జీలిబ్‌సీ 2.31, 22.04లో 2.35. కోడ్ అదే, ఫైలు వేరు.

సోర్స్ మార్చకుండా మళ్లీ బిల్డ్ చేసినా డెబియన్ వాళ్లు వర్షన్ చివర ‘+బి1’ చేరుస్తారు. సిస్టం లైబ్రరీకి ప్యాచ్ పడి మన ఫైలు అట్లే ఉంటే నంబరు మార్చక్కర్లేదు. పాత సిస్టంలో నడవడమే మానేస్తే మాత్రం, నా లెక్కలో అది 1.3.

ఆ రెండు 1.2లూ ఇంకా మా గ్రూపులోనే ఉన్నాయి. ఏది ఏదో నడిపి చూడాల్సిందే.