హాబీల కింద రాసే లైను

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలవగానే మన కాలేజీలో అందరి రెజ్యూమేలూ ఒకేలా తయారవుతాయి. పైన సీజీపీఏ, తర్వాత ప్రాజెక్టులు, పైథాన్, జావా. నాటకాలు వేసినవాళ్లూ కూచిపూడి నేర్చుకున్నవాళ్లూ ఆ సంగతి అట్టడుగున, హాబీల కింద, 'క్రికెట్ చూడటం' పక్కన పెడతారు. అది అక్కడ ఉండాల్సిన లైను కాదని నా వాదన.

డిక్ కాస్టోలో పేరు మీలో కొందరు వినే ఉంటారు. 2010 నుంచి 2015 దాకా ట్విట్టర్ సీఈవో. మిచిగన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివాడు. చదువయ్యాక చికాగో వెళ్లి సెకండ్ సిటీలో ఇంప్రూవ్ కామెడీ క్లాసుల్లో చేరాడు. ఇంప్రూవ్‌లో స్క్రిప్ట్ ఉండదు. ప్రేక్షకులిచ్చిన మాట పట్టుకుని అక్కడికక్కడే సీను కట్టాలి. మన అవధానంలో పృచ్ఛకుడు దత్తపది ఇచ్చినట్టే అనుకోండి, ఛందస్సు బాధ ఒక్కటే తక్కువ! తర్వాత కన్సల్టింగ్ ఉద్యోగం, సొంత కంపెనీలు. వాటిలో ఫీడ్‌బర్నర్‌ని 2007లో గూగుల్ కొనుక్కుంది.

ఈ కథ చెప్పగానే "చూశారా, స్టేజీ ఎక్కితే కమ్యూనికేషన్ స్కిల్స్ వస్తాయి" అని ఎవరో ఒకరు అంటారు. నాకీ మాట అస్సలు నచ్చదు. స్టేజీ ముందు నేర్పేది వినడం. బుర్రకథనే చూడండి. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. కథకుడు షేక్ నాజర్ అంతటివాడైనా వంతలు లేకుండా కథ నడవదు. జనం మనసులో పుట్టే డౌటుని వంత ముందే అడిగేస్తాడు, కథకుడు ఆగి విప్పి చెప్పాలి. ఇంటర్న్‌షిప్‌లో నేను కూర్చున్న రివ్యూ మీటింగుల్లో లేనిది సరిగ్గా ఇదే. లీడ్ చెప్పుకుంటూ పోతాడు, ఎనిమిది మంది మ్యూట్‌లో ఉంటారు.

మా మావయ్య హాస్యం వంత. పన్నెండేళ్లు దళంతో జిల్లా అంతా తిరిగాడు. డిగ్రీ ఉంది కాబట్టి అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు పదకొండు మంది టీముకి లీడ్. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినా కాల్‌లో ఆయన గొంతు పెరగదు. "వంత తాళం తప్పితే కథకుడు జనం ముందు వాణ్ణి తిడతాడేంట్రా? వాడు అందుకునేదాకా తనే ఇంకాస్త లాగుతాడు" అంటాడు. మొదట్లో ఇంటర్వ్యూలు చేసినవాళ్లు ఆ పన్నెండేళ్లనీ 'గ్యాప్' అన్నారట. గ్యాప్! రాత్రికి మూడు గంటలు లైవ్‌లో పనిచేసిన మనిషికి.

అయితే దీనికి ఇంకో పక్క ఉంది. కాస్టోలో చేతిలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉంది, స్టేజీ కలిసిరాకపోతే వెనక్కి రావడానికి దారి ఉంది. మావయ్యకీ ఏదో ఒక డిగ్రీ ఉంది. ఆయన పక్కన రాజకీయం వంతగా చేసిన బాబాయికి పదో తరగతే. ఆయన ఆటో నడుపుతున్నాడు. ఇద్దరి చెవీ, ఇద్దరి ఓపికా ఒకటే. కళ ఉంటే చాలు లీడరైపోతారని నేననను. మావయ్య కూడా ఏళ్ల తరబడి టెస్ట్ కేసులు రాశాకే టీముని నడిపాడు.

పైగా మనం 'కెరీర్ మార్పు' అని ముద్దుగా పిలిచేదాని వెనక చాలాసార్లు ఉండేది ఖాళీ జేబు. దళానికి ఏడాదిలో సరిపడా కథలు దొరికుంటే అమీర్‌పేట బస్సు ఎక్కేవాణ్ణే కాదని మావయ్యే అంటాడు, నవ్వుతూ. కంపెనీకి మంచి లీడ్ దొరికాడు, నిజమే. ఆ ఊళ్లో ఒక దళం ఆగిపోయింది, దాన్నీ లెక్కలో రాయాలి.

ఇక మన సంగతి. 'నాటకం' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎంతమంది పనిచేశారు, ఎన్నాళ్లు రిహార్సల్ చేశారు, ఏది చెడింది, ఎలా నెట్టుకొచ్చారు, అవి రాయండి. పోయినేడు మన వీధినాటకం రోజున ముఖ్య పాత్రధారికి జ్వరమొస్తే, కాస్ట్యూమ్స్ చూసుకునే సెకండియర్ అమ్మాయి గంటలో ఆ పాత్ర అందుకుంది. తన రెజ్యూమే చూశాను. మూడు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఉన్నాయి, ఇది లేదు. అడిగితే "ఫార్మాట్‌లో దానికి గడి లేదన్నా" అంది.

ఆ గడి పెట్టించమని క్లబ్ తరఫున ఒక అర్జీ రాశాను. క్లబ్ రూములో బల్ల మీద ఉంది. శుక్రవారం లోపు వచ్చి సంతకం పెట్టండి.